మీ పాత ఫియట్ గతం ఎవరి దగ్గరుంది?

1977 డిసెంబర్ 14 తేదీ వేసి హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ ఒక ఉత్తరం పంపాడు. అది న్యూజెర్సీలో ఉండే ఒక మామూలు ఉద్యోగికి. విషయం చిన్నదే. మీ దగ్గరున్న మస్టాంగ్ నాకు కావాలి, దాని బదులు అలాంటిదే ఇంకో మస్టాంగ్ మీకు వెతికిపెడతాను, మరీ ఎక్కువ డబ్బుతో పని అయితే మాత్రం వదిలేద్దాం అని. ఆ కారు 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో ఆయన నడిపిన ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల రోడ్ల మీద కారు ఎగిరెగిరి పడే ఛేజింగ్ ఉంటుందే, అదే బండి.

ఆ ఉద్యోగి అమ్మలేదు. 1974లో పత్రికలో ప్రకటన చూసి 6 వేల డాలర్లకు కొనుక్కున్నాడు, వాడుకుంటున్నాడు. ఆయన భార్య టీచర్, అదే కారులో స్కూలుకి వెళ్లొచ్చేది. 1980లో క్లచ్ పోయింది. పక్కన పెట్టారు. ఇళ్లు మారారు, ఊళ్లు మారారు, కారు మాత్రం కదలకుండా వాళ్లతోపాటే తిరిగింది. 2014లో పెద్దాయన పోయారు. 2018 జనవరిలో కొడుకు దాన్ని డెట్రాయిట్ ఆటో షోలో బయటపెట్టేదాకా ప్రపంచానికి అది ఎక్కడుందో తెలీదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో 34 లక్షల డాలర్లు పలికింది. ఫీజులతో కలిపి 37 లక్షల 40 వేలు. దుమ్ము పట్టి, రంగు వెలిసి ఉన్న కారుకి అంత రేటు!

ఇదేదో అదృష్టం కథ అనుకోకండి. ఆ రేటు వెనక పెద్ద కాగితాల కట్ట ఉంది. సినిమా అయ్యాక ఆ కారు స్టూడియోలో పనిచేసే ఒకాయనకి వెళ్లింది, ఆయన నుంచి న్యూజెర్సీలో ఒక పోలీస్ డిటెక్టివ్‌కి, డిటెక్టివ్ నుంచి ఈ కుటుంబానికి. ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో ఖాళీ లేదు. పైన మెక్వీన్ ఉత్తరం ఉండనే ఉంది. కారు మీద కొట్టిన నంబర్ 'ఇది ఏ కారు' అన్నది తేల్చింది. 'ఇన్నాళ్లూ ఎక్కడుంది, ఏమైంది' అన్నది చెప్పింది మాత్రం పాత ఓనర్ల వరసే.

అదే సినిమాకి వాడిన రెండో మస్టాంగ్ సంగతి చూడండి. ఛాసిస్ నంబర్ సరిగ్గా దీని పక్క నంబరే. ఛేజింగ్‌లో దెబ్బలన్నీ తిన్నది అదే. తుక్కు కింద పోయిందని అందరూ అనుకున్నారు. మెక్సికోలోని బాహా ప్రాంతంలో ఒక తుక్కు యార్డులో, తెల్లరంగు వేసి, ఇంజన్ కూడా లేకుండా బయటపడింది. కొన్నవాళ్లు దాన్ని ఇంకో సినిమా కారులా మార్చేద్దామని పని మొదలుపెట్టారు కూడా. నంబర్ వెతికించేసరికి విషయం బయటపడి పని ఆపేశారు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే సినిమా, పక్కపక్క నంబర్లు. ఒకదానికి ఇంటి చరిత్ర ఉంది. ఇంకోదాని కథలో ఏళ్లకి ఏళ్లు ఖాళీ.

సరే, మనకి హాలీవుడ్ హీరోలు ఉత్తరాలు రాయరు. మన వీధిలో దొరికేది ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్, తొలి మోడల్ మారుతీ 800, మహా అయితే ఒక కాంటెస్సా. ఈ మధ్య కుర్రాళ్లు వీటిని కొని రీల్స్ పెడుతున్నారు, సంతోషం. ఎక్కువ వీడియోల్లో ఉండేది పెయింటు, అలాయ్ వీల్స్, కొత్త సీటు కవర్లు. 'ఇది ఎవరిది?' అని కామెంట్లలో అడిగితే 'ఒక పెద్దాయనది బ్రో' అంటారు. అంతే. ఆ పెద్దాయన ఎవరు, కారు ఎందుకు కొన్నాడు, ఎందుకు అమ్మాడు? ఆయనకిప్పుడు ఎనభై దగ్గర పడుతుంది. పెయింటు వచ్చే ఏడాది కూడా వేయించుకోవచ్చు.

వెతకడం ఎలా అంటే, ముందు నంబర్ ప్లేటు చూడండి. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు నంబర్ మూడు అక్షరాలతో మొదలయ్యేది, మొదటి అక్షరం రాష్ట్రాన్ని చెప్పేది. మన ఆంధ్రప్రదేశ్‌ది 'ఏ'. 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం, అదే హరికృష్ణ నడిపిన షెవర్లే వ్యాన్, నంబర్ ఏబీఆర్ 7776. 1989 తర్వాత ఏపీ, పక్కన జిల్లా అంకె. ఏపీ 7 అంటే గుంటూరు, 16 అంటే విజయవాడ, 26 నెల్లూరు, 31 విశాఖ, 36 వరంగల్, 9 అంటే హైదరాబాద్ ఖైరతాబాద్. 2014లో తెలంగాణకి టీఎస్ వచ్చింది, 2024 నుంచి టీజీ. 2019లో ఆంధ్రలో అన్ని జిల్లాలకూ కలిపి ఏపీ 39 తెచ్చారు, కాబట్టి కొత్త బండి నంబర్ చూసి ఊరు చెప్పలేం. పాత బండి మాత్రం చెప్పేస్తుంది. కరీంనగర్‌లో కొన్న కారుకి నెల్లూరు నంబర్ ఉందంటే, మొదటి యజమాని నెల్లూరు వైపు ఉండేవాడన్న మాట. వెతకడం అక్కడ మొదలవుతుంది.

తర్వాత ఆర్సీ. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. పాత ఆర్సీ అంటే చిన్న పుస్తకం. బండి చేతులు మారినప్పుడల్లా అందులో కొత్త పేరు, అడ్రస్, తేదీ, ఆర్టీఓ ముద్ర పడేవి. ఆ పుస్తకం నాలుగు పేజీలు తిప్పితే కారు జాతకం మొత్తం కనిపిస్తుంది. ఇప్పుడిచ్చే కార్డు మీద ప్రస్తుత ఓనర్ పేరు, మహా అయితే ఎన్నో ఓనరో చెప్పే అంకె. యాప్‌లో నంబర్ కొట్టినా అంతే, పేరులో సగం అక్షరాల బదులు చుక్కలు ఉంటాయి. చాలా పాత బండ్లయితే పుస్తకంలోంచి కంప్యూటర్‌లోకి ఎవరైనా ఎక్కిస్తేనే కనిపిస్తాయి. అందుకే కారు కొనేటప్పుడు 'కార్డు ఉంది కదా, పాత బుక్కు ఎందుకు' అని వదిలెయ్యకండి. కొత్త కార్డు తీసుకునేటప్పుడు పాత పుస్తకం ఇచ్చేయాల్సి వస్తే ముందే ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, ఖాళీ పేజీతో సహా.

పుస్తకంలో ముద్రల తేదీలు కూడా చదవండి. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 1978 కారు అయితే 1993లో ఒకటి, 1998లో ఒకటి, అలా పడుతూ రావాలి. మధ్యలో పదేళ్లు ఏ ముద్రా లేకపోతే ఆ పదేళ్లు బండి ఎక్కడ పడుంది? కొబ్బరాకుల పాకలోనా, కోర్టు కేసులోనా, అన్నదమ్ముల పంపకాల గొడవలోనా? ఆ ఖాళీ గురించి ముందు ఓనర్‌ని అడగాలి.

ఇంకో లైను మీద కూడా కన్నేయండి. బ్యాంక్ పేరుతో హైపోథికేషన్ అని ఉండేది. అప్పు మీద కొన్న బండి అని దానర్థం. ఇందులో ఏముంది అనుకోకండి. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా 1964లో ఒక ఫియట్ కొన్నారు, నంబర్ డీఎల్ఈ 6. ధర 12 వేలు. చేతిలో 7 వేలే ఉంటే మిగతా 5 వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తెచ్చారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయారు. అప్పు తీరలేదు. లలితా శాస్త్రి తనకొచ్చే పెన్షన్‌లోంచి కట్టి తీర్చారు. కారు ఢిల్లీలో ఆయన స్మారకంలో ఉంది. దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఇంజన్ సీసీ ఎంతో గుర్తుండదు, ఆ 5 వేల సంగతే గుర్తుంటుంది. ఆ కాలంలో కారు కొనడమంటే ఇల్లు కట్టినంత పని. మీ ఫియట్ వెనక కూడా ఒక ప్రావిడెంట్ ఫండ్ లోనో, అమ్మిన అరెకరం పొలమో ఉండే ఉంటుంది.

కాగితాలు చూశాక మనుషుల దగ్గరికి. ఇక్కడ ఒక్క ఎగురులో మొదటి ఓనర్ దగ్గరికి వెళ్లలేం. ఒక్కో మెట్టు వెనక్కి నడవాలి. మీకు అమ్మినాయన్ని 'మీరెవరి దగ్గర తీసుకున్నారు?' అని అడగండి. ఆయనకి పేరు గుర్తుండకపోవచ్చు, 'బందర్ రోడ్‌లో మందుల షాపాయన' అని గుర్తుంటుంది. చాలు. డ్యాష్‌బోర్డ్ అరలో, సీటు కింద, డిక్కీ మ్యాట్ కింద చూడండి. పాత ఇన్సూరెన్స్ కాగితం, బ్యాటరీ వారంటీ కార్డు, పెట్రోల్ బంక్ రసీదు ఏదో ఒకటి దొరుకుతుంది. దాని మీద అడ్రస్ ఉంటుంది. వెనక అద్దం మీద సగం ఊడిన స్టిక్కర్ ఉంటే గీకి పారెయ్యకండి, ఫోటో తీసి అప్పుడు గీకండి. ఏ కాలేజీ, ఏ గుడి, ఏ క్లబ్బు అన్నది అదే చెబుతుంది.

ఆ ఊళ్లో పాత మెకానిక్‌ని పట్టుకుంటే సగం పని అయినట్టే. విజయవాడ ఆటోనగర్‌లో గానీ హైదరాబాద్ గల్లీల్లో గానీ ఫియట్ ఒక్కటే చేసే చేతులు ఇంకా కొన్ని మిగిలాయి. వాళ్లకి మనుషుల పేర్లు గుర్తుండవు, బండి గుర్తుంటుంది. 'ఉస్తాద్, ఈ బండి మీ చేతికి వచ్చిందా?' అని అడిగి బానెట్ ఎత్తండి. ఆయన ఇంజన్ వైపు కాదు, ముందు కార్బొరేటర్ దగ్గర తను కట్టిన తీగ వైపు చూస్తాడు.

ఇక ఫోన్ కాల్. నా లెక్కలో వెతుకులాట మొత్తంలో కష్టమైంది ఇదే. ఇరవై ఏళ్ల కింద కారు అమ్మేసిన మనిషికి తెలియని నంబర్ నుంచి ఫోన్ చేసి 'సార్, మీ ఫియట్ గురించి' అంటే ఆయన మొదట భయపడతాడు. ఆ భయానికి కారణం ఉంది. మన దగ్గర సంతకాలు చేసిచ్చి, డబ్బు తీసుకుని, ట్రాన్స్‌ఫర్ సంగతి వదిలేసేవాళ్లు కోకొల్లలు. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో. అది జరక్కపోతే బండి ఎవరు నడిపినా ఆర్సీలో పేరున్నవాళ్లే ఓనర్. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కట్టాల్సింది కూడా ఆర్సీలో పేరున్నవాళ్లేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి మూడు నాలుగు చేతులు మారినా సరే. అందుకే మీ ఫోన్ రాగానే ఆయన మనసులో 'ఎవరిని గుద్దారో, ఏం కేసో' అన్న ఆలోచనే పరిగెడుతుంది. ఫోన్ పెట్టేస్తే ఆయన తప్పేం లేదు.

కాబట్టి మొదటి మాట ఇలా ఉండాలి: 'నమస్తే అండీ, మీరు అమ్మిన ఫియట్ ఇప్పుడు నా దగ్గరుంది. ఆర్సీ నా పేరు మీదకి మారిపోయింది, ఏ ఇబ్బందీ లేదు. దాని గురించి మీ నోటితో విందామని ఫోన్ చేశాను.' అంతే, గొంతు మారిపోతుంది. 'ఇంకా నడుస్తోందా?' అని అడుగుతారు. ఆ తర్వాత మీరు మాట్లాడక్కర్లేదు. డబ్బులకి ఓనర్ ఫోన్ నంబర్ ఇస్తామనే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోకండి. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా, లేదంటే పాత అడ్రస్‌కి ఒక పోస్టు కార్డు రాసి చూడండి. ఆయన వద్దంటే అక్కడితో ఆపేయండి, కారు మనది గానీ ఆయన జీవితం మనది కాదు.

మాట్లాడ్డానికి ఒప్పుకుంటే ఏం అడగాలి? 'కారు ఎలా ఉండేదండీ' అంటే 'బంగారం బాబూ' అంటారు. అమ్మినవాళ్లంతా అదే అంటారు. విడివిడిగా అడగండి. కొన్నప్పుడు రంగేంటి? బుక్ చేశాక ఎన్నాళ్లకి వచ్చింది? ట్యాక్సీగా తిరిగిందా? ఇంజన్ ఎప్పుడైనా దించారా? ఈ ఆఖరిదానికి జవాబు ముఖ్యం. పెట్రోల్ పొయ్యలేక డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్న కార్లు మన దగ్గర బోలెడు. ఆర్సీలో రాయిస్తే సరే, రాయించకపోతే ఇంజన్ నంబర్ కలవదు. గేర్ కూడా గమనించండి. పాత పద్మినిలకు గేర్ రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది, కింద ఫ్లోర్ మీదకి వచ్చింది చివరి మోడళ్లలో. మీ 1978 కారుకి ఫ్లోర్ గేర్ ఉందంటే మధ్యలో ఎవరో మార్చారు. ఎవరు, ఎందుకు అన్నది మీరు వెనక్కి వెళ్లే ఓనర్లలో ఒకరికి తెలుసు.

కొందరు అమ్మేవాళ్ల కథలు కూడా ఇలాగే తేలిపోతాయి. '1966 పద్మిని సార్' అంటారు. 1966లో పద్మిని అన్న పేరే లేదు. 1964 నుంచి ముంబై కుర్లా ఫ్యాక్టరీలో ప్రీమియర్ కంపెనీ చేసింది ఫియట్ 1100 డిలైట్, అదే బండి 1970ల మధ్యలో చిత్తోడ్ రాణి పేరుతో పద్మిని అయింది. ఇక అంబాసిడర్ అయితే మరీనూ. ప్రతి అంబాసిడర్ ఎప్పుడో ఒక ఎమ్మెల్యేదే! ఒక్కటీ మామూలు స్కూల్ మాస్టారిది ఉండదు. ఆ మాట అన్నప్పుడు ఆర్సీ పుస్తకంలో ఆ పేరున్న పేజీ చూపించమనండి. పేజీ లేకపోతే కథకి రేటు కట్టకండి.

నోటి మాటకీ ఒక ఇబ్బంది ఉంది. పెద్దవాళ్లు అబద్ధం చెప్పరు, కానీ సంవత్సరాలు కలిపేస్తారు. 'పెద్దమ్మాయి పెళ్లి ముందు కొన్నాను' అంటే ఆ పెళ్లి ఫోటోలో కారు ఉందేమో అడగండి. పువ్వులు కట్టిన బానెట్, కింద నంబర్ ప్లేటు, వెనక తేదీ. ఆర్టీఓ ముద్ర తర్వాత అంత గట్టి సాక్ష్యం ఇదే. ఫోటో తీసుకోకండి, ఫోన్‌తో కాపీ చేసుకోండి. అసలుది వాళ్ల ఆల్బమ్‌లోనే ఉండాలి.

ఒకే ఓనర్ ఉంటే ఈ తిప్పలేమీ ఉండవు. దేశంలో తొలి మారుతీ 800 తాళం 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అందుకున్నారు. అన్నట్టు మెక్వీన్ ఉత్తరం తేదీ కూడా డిసెంబర్ 14, ఊరికే కలిసింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అయిన సింగ్ ఆ కారుని 2010లో పోయేదాకా అమ్మలేదు. నంబర్ డీఐఏ 6479. ఆయన తర్వాత ఢిల్లీలో ఇంటి ముందు ఎండకి వానకి తుప్పు పట్టిన ఆ కారు ఫోటోలు జనం చూశారు. తర్వాత దాన్ని బాగుచేసి మారుతీ కంపెనీ ప్రధాన కార్యాలయంలో పెట్టారు. ఆ కారు ఎవరిదని ఎవరూ వెతకక్కర్లేదు, దేశమంతటికీ తెలుసు. అయినా అన్నేళ్లు తుప్పు పట్టింది. మరి పేరు లేని మీ ఫియట్ సంగతి?

చట్టం కూడా ఇప్పుడు గతం అడుగుతోంది. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని కారుని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్‌లో వీఏ అని వస్తుంది. రోజూ ఆఫీసుకి నడపడానికి కుదరదు, ప్రదర్శనకీ ర్యాలీకీ అయితే సరే. 1970ల మొదటి సంవత్సరాల ఫియట్లు ఆ వయసు దాటేశాయి. 'అసలు రూపం' ఏదో చెప్పాలంటే అసలు రూపం చూసిన కళ్లు కావాలి కదా. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు వస్తాయి. డోర్ల లోపల బూడిద రంగు అద్దకం కింద లేత నీలం ఎప్పుడు పోయిందో ఏ పెన్సిలూ చెప్పదు.

ఆయన జాడ దొరికి, ఊరు దూరం కాకపోతే, ఫోన్‌తో సరిపెట్టకుండా కారేసుకుని వెళ్లండి. ఎండ రాకముందు వెళ్లండి, పెద్దవాళ్లకి అప్పుడు ఓపిక ఉంటుంది. తాళం చేతికిచ్చి డ్రైవర్ సీట్లో కూర్చోమనండి. చోక్ ఎంత లాగాలో, యాక్సిలరేటర్ ఎన్నిసార్లు తొక్కి వదలాలో, ఏ తలుపు కాస్త ఎత్తి వెయ్యాలో ఆయన చేతులు వాటంతటవే చేస్తుంటాయి, నోరు ఇంకేదో కథ చెబుతుంటుంది. రెండూ రికార్డ్ చెయ్యండి. బయల్దేరే ముందు ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి, ఒక గంటలో అయ్యే పని కాదు.